సోమక్క గీసిన నోటి పటం

సోమక్కకు జర్మన్‌లో ఒక్క వాక్యానికి కూడా అర్థం తెలియదు. ఆ సంగతి అందరికంటే ముందు ఆమే చెబుతుంది, అదీ దబాయించి చెబుతుంది.

"అర్థం మీరు చూసుకోండమ్మా. నోరు నాకు వదిలేయండి."

కర్నూలు బుధవారపేటలో ఆమె అద్దెకున్న మిద్దె మీద, రేకుల షెడ్డు కింద, ఏడుగురు నర్సు పిల్లలు ఆ మాట నమ్మి నోళ్లు అప్పగించారు. ఫీజు తీసుకుని నేర్పాల్సినవాళ్లు చేతులెత్తేస్తే, హాస్టల్ గేటు తాళాలు మోసే ఆడమనిషి ముందుకొచ్చింది. యాభై రెండేళ్లుంటాయి. సన్నటి మనిషి, నడుము నిటారు. చేతిసంచిలో ఎప్పుడూ ఒక అరచేతి అద్దం, సన్నగా కత్తిరించిన కాగితం పట్టీలు ఉంటాయి. అవి ఎందుకో తెలియాలంటే ముందు ఆమె అన్న సంగతి చెప్పాలి.

ఆలూరు పక్కన పల్లె వాళ్లది. అన్న పెద్ద ఈరన్న ఆమెకంటే ఐదేళ్లు పెద్ద. పుట్టుకతోనే వినపడదు. వినపడదని ఇంట్లో తెలిసేసరికి ఐదేళ్లు గడిచాయి. అంతవరకూ ఊరంతా చెప్పింది ఒకే మాట: వీనికి నాలుక మందం. నాలుక కింద నరం కోస్తే మాట వస్తుందని ఒక నాటు వైద్యుడు చెబితే కోయించారు. నెత్తురు వచ్చింది, మాట రాలేదు. లోపం చెవిలో ఉంటే కోత నాలుకకు పడింది. ఆ గాటు ఈరన్న నోట్లో ఇప్పటికీ ఉంది. సోమక్క మనసులో ఇంకా లోతుగా ఉంది.

ఈరన్నను గొర్రెల వెంట పంపారు. గొర్రె అరుస్తోందో లేదో తెలుసుకోవడానికి అతను దాని గొంతు మీద అరచెయ్యి పెట్టేవాడు. చేతికి అదురు తగిలితే అరుస్తున్నట్టు. ఇది ఏ పంతులూ నేర్పింది కాదు, తనకు తానే కనిపెట్టుకున్నాడు. ఎనిమిదేళ్ల సోమక్క ఒకరోజు అది చూసింది. అన్న చెయ్యి పట్టుకుని తన గొంతు మీద పెట్టుకుని, "మా" అంది. అన్న కళ్లు పెద్దవయ్యాయి. ఇంకో చెయ్యి తన గొంతు మీద పెట్టుకుని, ఆ అదురు ఇక్కడా వచ్చేదాకా గింజుకున్నాడు. పంట కోతలు అయ్యేలోగా చెల్లెలి పేరు పలికాడు. "సోమ" అనలేకపోయాడు. "ఓమా" అన్నాడు. ఆ పల్లెలో ఒక్క మనిషి కూడా దాన్ని వింతగా చూడలేదు. మూగోడు అరుస్తాండాడు అనుకున్నారంతే.

ఇంటర్ అయ్యాక సోమక్క మైసూరు పోయి, వినపడని పిల్లలకు మాట నేర్పే శిక్షణ తీసుకుంది. అక్కడ గోడకు ఒక పట్టిక వేలాడేది. లోకంలోని భాషలన్నిటి ధ్వనులకూ కలిపి ఒకే వరస గుర్తులు. కొన్ని ఇంగ్లీషు అక్షరాల్లా ఉన్నా వాటి పని వేరు. ఒక్కో గుర్తు మూడు సంగతులు చెబుతుంది: నాలుక ఎక్కడుండాలి, పెదాలు ఎట్లుండాలి, గొంతు మోగాలా వద్దా. మిగతా శిక్షణార్థులు దాన్ని బట్టీ పట్టారు. సోమక్కకు మాత్రం అది అక్షరమాలలా అనిపించలేదు. మనిషి నోరు విప్పి గోడకు పరిచినట్టు అనిపించింది. అన్నకు చెయ్యి పట్టుకుని నేర్పిందంతా అక్కడ గీతల్లో ఉంది.

ఇరవై రెండేళ్లు కర్నూలు శివార్లలో ఒక బధిరుల బడిలో పనిచేసింది. అద్దంలో పెదాలు చూపించి, గాలి ఊదాల్సిన చోట నోటి ముందు కాగితం పట్టీ పెట్టి అది ఎగిరేలా చేసి, మోగాల్సిన చోట గొంతు మీద చెయ్యి పెట్టించి, ఎంతమంది చేత "అమ్మా" అనిపించిందో లెక్క రాసుకోలేదు. ఒకనాడు బడి నడిపే సంస్థ వాళ్లు పిలిచి, ఇప్పుడు పిల్లలకు చెవి మిషన్లు వచ్చాయి, మాట నేర్పే టీచరు అక్కర్లేదన్నారు.

"మిషన్ వినిపిస్తాది సార్. నోరు తెరిపిచ్చేదెవరు?" అని అడిగింది.

వాళ్లు కాంట్రాక్టు అయిపోయిన కాగితం చేతిలో పెట్టారు. పిల్లల నోళ్లకు విలువ కట్టలేని దేశంలో వాటిని తెరిపించేవాళ్లకు పెన్షన్ ఎవరిస్తారు? సోమక్క కర్నూలు సి.క్యాంపులో ఒక విదేశీ భాషల శిక్షణ కేంద్రం హాస్టల్లో వార్డెన్‌గా చేరింది.

ఆ కేంద్రంలో నేర్పేది ఒకటే భాష, జర్మన్. చేరేదీ ఒకే రకం మనుషులు, నర్సింగ్ చదివిన ఆడపిల్లలు. ఇక్కడి ఆసుపత్రుల్లో కాంట్రాక్టు మీద రెండు షిఫ్టులు చాకిరీ చేయించి కనీసం మర్యాద కూడా ఇవ్వరు. జర్మనీలో ముసలివాళ్లకు నర్సులు కావాలి. మధ్యలో ఈ కేంద్రం. దాని యజమాని ప్రవీణ్, రాజంపేట దగ్గర తోటలున్న ఇంటి మనిషి. పిల్లలు చేరిన రోజే వాళ్ల ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టేవాడు, "భద్రంగా ఉంటాయమ్మా" అని. పాఠం చెప్పేది హర్షిణి అనే అమ్మాయి. బెంగళూరులో జర్మన్ నేర్చుకుని వచ్చింది, మంచిది, భయస్థురాలు. భయపడాల్సిన అవసరం ఉంది కాబట్టి భయపడేది, ఇల్లు ఆమె జీతం మీద నడుస్తోంది.

పలకడం కోసం ప్రవీణ్ సొంతంగా ఒక పుస్తకం అచ్చేయించాడు. జర్మన్ మాటలన్నీ తెలుగక్షరాల్లో. పిల్లలు పొద్దస్తమానం దాన్నే వల్లించేవాళ్లు. సోమక్క ఒకరోజు కూరగాయలు తరిగిస్తూ ఆ పుస్తకం తిరగేసింది. తర్వాత హర్షిణి నోటి వైపు చూసింది. మళ్లీ పుస్తకం చూసింది. హర్షిణి పెదాలు గుండ్రంగా తిరుగుతున్న చోట పుస్తకంలో పెదాలు తిరిగే అక్షరమే లేదు. ఆమె నోట్లోంచి గాలి సన్నగా జారుతున్న చోట పుస్తకంలో "ష" అని గట్టిగా ముద్ర కొట్టి ఉంది. తెలుగక్షరాలు తెలుగు నోటి కోసం పుట్టాయి. వాటిది తప్పు కాదు. వాటితో ఇంకో దేశపు నోటిని కొలిచి, కొలత సరిపోయిందని అమ్ముకున్నవాడిది తప్పు.

అప్పటికి పుస్తకం మూసి పక్కన పెట్టింది. ఆ మాట ఎత్తిన రోజు వేరే ఉంది.

జర్మనీ పోవడానికి పాసవ్వాల్సిన బి1 పరీక్షకు మూడు నెలలుందనగా ప్రవీణ్ పిల్లల్ని ఒక్కొక్కరినీ పిలిచి ఐదేసి నిమిషాలు మాట్లాడించాడు. మర్నాడు నోటీసు బోర్డు మీద జాబితా పడింది. పదహారు మందిలో తొమ్మిది మందినే పరీక్షకు పంపుతారు. మిగతా ఏడుగురూ ఇంకో ఆరు నెలలు ఉండాలి. ఆ ఏడుగురిలో ఐదుగురు జిల్లా పడమటి వైపు ఆలూరు, ఆదోని, కోసిగి పల్లెల వాళ్లు. మైదుకూరు నుంచి వచ్చిన స్తుతి ఆరో మనిషి. కర్నూలు పాతబస్తీ పిల్ల మాబున్ని ఏడో మనిషి. ఒక్కరూ ఇంగ్లీషు మీడియంలో చదివినవాళ్లు కారు.

కోసిగి పిల్ల మహాదేవి బోర్డు దగ్గరే కూలబడి ఏడ్చింది. ఆమె మాట తక్కువ, పని ఎక్కువ. రక్తనాళం దొరకని పసిబిడ్డకు కూడా ఒక్క పోటుతో సూది వేసే చెయ్యి ఆమెది. సోమక్క ఆమెను లేపి, నేరుగా ప్రవీణ్ గదిలోకి పోయింది.

"ఏం సార్, ఈ పిల్లోల్లను యాల తీసేసినారు?"

"నువ్వు వార్డెన్‌వి సోమక్కా. అన్నం, నీళ్లు, గేటు. ఈ మూడూ చూసుకో."

"గేటు చూసుకుంటాండా కాబట్టే అడుగుతాండా. ఏడుగురిని గేటు బయట పెట్టింది మీరే కదా."

ప్రవీణ్ నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు, విసుగు నవ్వు. "చూడమ్మా, వాళ్లను పంపిస్తే ఫెయిలైతారు. ఫెయిలైతే మా పాస్ పర్సెంట్ పోతుంది. పడమటి పిల్లలకు నాలుక మందం. తిరగదు. నేనేం చేసేది?"

నాలుక మందం. యాభై ఏళ్లు పోయినా మాట మారలేదు, చెప్పే మనిషి మారాడు. ఈసారి కత్తి లేదు, జాబితా ఉంది.

"సార్, మూడు నెలలు ఈ ఏడుగురి నోళ్లు నాకియ్యండి."

"నీకు జర్మన్ వచ్చా?"

"రాదు. నోరు వచ్చు."

"బాగుంది!" అని అతను గదిలో ఉన్న అకౌంటెంటు వైపు చూశాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. "పరీక్షకు పేరిచ్చేది నేను. నేనివ్వను. నువ్వు చెప్పుకుంటే చెప్పుకో, వంట దగ్గర కాలక్షేపం."

పేరిచ్చేది తనే అన్నాడు. పిల్లలూ అదే నమ్మారు. మధ్యాహ్నం నీళ్ల ఫిల్టరు దగ్గర హర్షిణి సీసా నింపుకుంటూ, తల ఎత్తకుండా చెప్పింది.

"అక్కా, పరీక్షకు ఎవరైనా సొంతంగా పేరిచ్చుకోవచ్చు. కేంద్రం అక్కర్లేదు. పాస్‌పోర్టు ఉంటే చాలు."

"ఏంది?"

"నేను చెప్పినట్టు చెప్పొద్దు అక్కా."

పాస్‌పోర్టులు పిల్లల దగ్గరే ఉన్నాయి. పోయిన నెలే వచ్చాయి, ఇంకా బీరువాలోకి పోలేదు. సోమక్క ఏడుగురినీ వంటగదిలో కూర్చోబెట్టి అదే మాట చెప్పింది, ఎవరు చెప్పారో చెప్పలేదు. స్తుతి ఫోను తీసి వెదికింది. చెన్నైలో పరీక్ష తేదీ ఉంది. ఖాళీలు ఉన్నాయి.

"సార్‌కు తెలిస్తే?" అంది మహాదేవి.

"తెలిస్తే ఏమైతాది మే? ఆయప్ప ఫెయిలైతారని చెప్పినాడు. ఫెయిలయ్యే హక్కు కూడా నీకు ల్యాదా?"

స్తుతి ముందు తన పేరు ఎక్కించింది. ఒకరి వెంట ఒకరు ఏడుగురూ ఎక్కించారు. చివర మహాదేవి. వేలు ఫోను మీద పెట్టి కళ్లు మూసుకుంది.

నాలుగో రోజుకు ప్రవీణ్‌కు తెలిసింది. ఇంకో గంటకు సోమక్క ట్రంకు పెట్టె గేటు బయట ఉంది. ఆమె తాళాల గుత్తి బల్ల మీద పెట్టి, నోటీసు బోర్డు మీది జాబితా పీకి నాలుగు మడతలు వేసి సంచిలో పెట్టుకుంది.

"అదెందుకు?" అన్నాడు ప్రవీణ్.

"వెనకపక్క ఖాళీగా ఉండాది సార్. రాసుకునేకి పనికొస్తాది."

నిజంగానే దాని వెనకపక్కనే మొదటి పాఠం రాసింది.

పిల్లలు పొద్దున ఆరింటికి ఆమె అద్దెకు దిగిన బుధవారపేట మిద్దె ఎక్కేవాళ్లు, ఎనిమిదింటికి దిగి క్లాసుకు పోయేవాళ్లు. మొదటి రోజు సోమక్క ఎనిమిది అద్దాలు తెచ్చి ఒక్కొక్కరి చేతిలో పెట్టి, ఎనిమిదోది తను పట్టుకుంది. ఆ తెలుగు పుస్తకం మళ్లీ తెరవొద్దని ఒట్టు వేయించుకుంది. హర్షిణి ఫోనులో పెట్టి ఇచ్చిన నిఘంటువులో ప్రతి మాట పక్కనా ఆ మైసూరు గుర్తులే ఉన్నాయి. సోమక్క వాటిని చూసి, చాన్నాళ్లకు చుట్టాలు కనిపించినట్టు నవ్వింది.

"ఇది చూడండి, y. ఇంగ్లీషు వై అనుకోవద్దు. ఇది నోటికి హుకుం. నాలుకను 'ఈ' అనే దగ్గర పెట్టు అంటాది. పెదాలను 'ఊ' దగ్గరికి తీసుకపో అంటాది. రెండూ ఒక్కసారే. నాలుక ఒక ఊర్లో, పెదాలు ఇంకో ఊర్లో. అనండి."

ఏడు నోళ్లు ఏడు రకాలుగా అన్నాయి. స్తుతి అద్దంలో చూసుకుని పగలబడి నవ్వింది. "అక్కా, కోతి మాదిరి ఉండా."

"కోతి మాదిరే ఉండాల. అందంగా ఉంటే తప్పు."

అడ్డగీత కొట్టిన సున్నా ø అయితే నాలుక "ఏ" అనే దగ్గర, పెదాలు "ఓ" అనే దగ్గర. తోక ఉన్న సి, ç అయితే "య" అనే చోట నాలుక పెట్టి, గొంతు మోగనీయకుండా గాలి మాత్రం ఊదాలి. నోటి ముందు కాగితం పట్టీ ఆడాలి, గొంతు మీద పెట్టిన వేలికి ఏమీ తగలకూడదు. ఇంటూ గుర్తు x వచ్చేసరికి ఆరుగురూ తడబడ్డారు. మాబున్ని మాత్రం ఒక్కసారికే అనేసింది.

"అదేందే, నీకెట్ల వచ్చె?"

"మా ఇంట్లో ఉర్దూలో ఖబర్, ఖాలా అంటాం కదక్కా. అదే ఖ. బడిలో ఉన్నప్పుడు తెలుగు టీచరు ఈ ఖ పలికితే గొంతులో ముల్లు ఇరుక్కుండాదా అని కొట్టేది."

"ఆ ముల్లే ఈ పొద్దు పనికొచ్చె. పో, వీళ్లందరికీ నువ్వే టీచరు," అంది సోమక్క. ఆ వారం x గుర్తు పాఠం మాబున్నిదే.

అన్నిటికంటే కష్టపెట్టింది చుక్క లేని ప్రశ్నార్థకం, ʔ. అచ్చుతో మొదలయ్యే మాట ముందు జర్మన్‌వాళ్లు గొంతును ఒక్క క్షణం బిగించి, తర్వాత వదులుతారు. తెలుగు నోటికి అది పరమ కష్టం. మనం మాట చివరి అచ్చును తర్వాతి మాటతో కలిపి పారించుకుంటూ పోతాం. బిడ్డలు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నట్టు మాట మాటను పట్టుకుంటుంది. వాళ్లు ఒక్కో మాటనూ విడిగా నిలబెడతారు. మహాదేవికి అదే రాలేదు. రెండు వారాలైనా రాలేదు. ఆమె మాటలన్నీ ఒకదానిలో ఒకటి కరిగిపోయేవి.

ఆ రోజుల్లోనే కంటి ఆపరేషనుకని పెద్ద ఈరన్న కర్నూలు వచ్చాడు. యాభై ఏడేళ్ల గొర్రెల కాపరి, భుజాన కంబళి, చేతిలో కర్ర. ఒక కంటికి కట్టు, రెండో కన్ను గద్ద కన్ను. పొద్దున పిల్లలు అద్దాల ముందు మూతులు తిప్పుతుంటే మూలన కూర్చుని చూశాడు. మొదట నవ్వాడు. తర్వాత నవ్వు మానేశాడు. చిన్నప్పుడు చెల్లెలు తనతో చేసిన పని ఇదేనని గుర్తుపట్టాడు. లేచి వచ్చి మహాదేవి ఎదురుగా కూర్చున్నాడు.

"చూడు మే," అంది సోమక్క. "మా అన్నకు నీ మాట వినపడదు. నీ పెదాలు, గొంతు, గాలి, ఇవే కనపడతాయి. నువ్వు ఆయప్పను మోసం చేయలేవు. ఆయన కర్ర కొడితే పాసు. తల ఊపితే మళ్లీ."

మహాదేవి y అంది. ఈరన్న తల అడ్డంగా ఊపి, వేలితో తన పెదాల చుట్టూ సున్నా గీసి చూపించాడు. మళ్లీ అంది. మళ్లీ తల ఊపాడు. ఐదోసారికి కర్ర నేలకు కొట్టాడు. మిద్దె కింద అద్దెకున్న రామసుబ్బమ్మ "ఏందమ్మా పైన కూలగొడ్తాండారా!" అని అరిచింది. వినపడని ఈరన్న ఇంకోసారి కొట్టాడు.

చుక్క లేని ప్రశ్నార్థకం దగ్గర మాత్రం అతను చాలాసేపు మహాదేవి గొంతు గుంట వైపు చూస్తూ ఉండిపోయాడు. తర్వాత తన చేతులతో ఒక గొర్రెను పట్టుకున్నట్టు పట్టి, అది అరవడానికి ముందు గొంతు ఎట్లా బిగిస్తుందో చేసి చూపించాడు. బిగువు, ఆ తర్వాత అరుపు. నలభై ఏళ్లు చేత్తో చదివిన పాఠం అది.

మహాదేవి ఆ గుంట దగ్గర వేలు పెట్టుకుంది. ఊపిరి ఆపింది. వదిలింది. మాట తెగి, విడిగా, గట్టిగా నిలబడింది.

ఈరన్న కర్ర కొట్టాడు. "ఓమా!" అని అరిచాడు చెల్లెలి వైపు తిరిగి.

"విన్నా లేప్పా, విన్నా," అంది సోమక్క. మొహం అటు తిప్పుకుని అద్దాలు తుడిచింది.

మూడు నెలలకు ఏడుగురూ చెన్నై రైలెక్కారు. సోమక్క స్టేషన్‌కు వచ్చింది కానీ రైలెక్కలేదు. "నేనొస్తే నా నోటి వైపు చూస్తారు. ఆడ మీ నోళ్లు మీవే," అంది.

మాట్లాడే పరీక్షలో ఇద్దరిద్దరిని జతగా కూర్చోబెట్టి, ఉద్యోగం మానేసి పోతున్న తోటి నర్సుకు వీడ్కోలు ఎట్లా ఏర్పాటు చేస్తారో మాట్లాడుకోమన్నారు. స్తుతి పువ్వులు అంది, కేకు అంది, పాట కూడా పాడతానంది. పలకడంలో ఎక్కడా ఆగలేదని వచ్చాక తనే చెప్పుకుంది. మహాదేవికి తెలియని ఊరి పిల్ల జతగా పడింది. ఆ పిల్ల గడగడ మాట్లాడింది. మహాదేవి పలికిన ప్రతి మాటా శుభ్రంగా ఉంది, కానీ పలికిన మాటలు తక్కువ. మధ్యలో ఆమె బిగుసుకుపోయింది.

ఫలితాలు వచ్చాయి. ఆరుగురు పాసయ్యారు. మహాదేవికి మాట్లాడే భాగంలో నాలుగు మార్కులు తక్కువ. పరీక్ష వాళ్లు ప్రతి భాగం దేనికి దానికే పెడతారు కాబట్టి ఆ ఒక్కటి మళ్లీ రాస్తే చాలు. అయినా ఆమె రెండు రోజులు అన్నం తినలేదు. మూడో రోజు సోమక్క హాస్టల్ గేటు దగ్గరికే వచ్చి పిలిచింది.

"ఆయప్ప చెప్పిందే నిజమాయె కదక్కా," అంది మహాదేవి.

"ఏం చెప్పినాడు?"

"నాలుక మందమని."

"నీ మార్కుల కాగితం చూసినావా? పలకడానికి ఎన్ని వేసినారో చూసినావా?"

చూడలేదు. సోమక్క తెరిచి చూపించింది. పలకడానికి ఉన్న మార్కులన్నీ వేశారు. పోయినవి మాట్లాడటానికి భయపడ్డందుకు పోయాయి.

"నాలుక మంచిగుండాది మే. భయం మందంగా ఉండాది. అది నీది కాదు, నీకు ఎక్కిచ్చినారు. దింపుకో."

వారం తిరిగేసరికి రాజ్‌విహార్ సెంటర్‌లో ఫ్లెక్సీ లేచింది. "మా విద్యార్థినుల ఘన విజయం." జాబితాలో లేకుండా పోయిన ఆరుగురి ఫోటోలూ వరసగా. వాటన్నిటి కంటే పెద్దగా, నిలువెత్తున, చేతులు కట్టుకుని ప్రవీణ్. పడమటి పిల్లలను కూడా తీర్చిదిద్దిన కేంద్రం అని కింద ఎర్రక్షరాలు.

ఏడుగురూ, సోమక్కా కేంద్రానికి పోయారు. ప్రవీణ్ లేచి నిలబడి కుర్చీ వేయించాడు. ఆయన మర్యాద అంత తొందరగా మారుతుందని సోమక్కకు తెలుసు.

"సోమక్కా, అయిందేదో అయింది. నువ్వు మా దగ్గరే ఉండు. ఉచ్చారణ ఫ్యాకల్టీ అని బోర్డు పెడతాం. నీ ఆ గుర్తుల పటం కూడా పుస్తకంగా వేద్దాం. మా పేరు మీద."

చుక్క లేని ప్రశ్నార్థకం దగ్గర చేసినట్టు సోమక్క ఊపిరి బిగపట్టింది. తర్వాత అంది.

"అక్కర్లేదు."

"ఆలోచించుకో."

"ఆలోచించే చెప్పినా సార్. పిల్లోల్ల ఒరిజినల్స్ ఇయ్యండి. ఆ ఫ్లెక్సీ దింపియ్యండి."

"సర్టిఫికెట్లు కోర్సు అయ్యాక కదమ్మా రూలు."

స్తుతి ముందుకు వచ్చింది. "సార్, వచ్చే వారం జర్మనీ ఆసుపత్రి వాళ్లతో వీడియోలో ఇంటర్వ్యూ ఉండాది. నీ ఒరిజినల్స్ యాడ అని అడుగుతారు. ఏం చెప్పమంటారు? ఉండేదే చెప్తాం. చెప్పేకి ఇప్పుడు మాకు నోరుండాది, వాళ్ల భాషలోనే."

మాబున్ని ఆ వాక్యాన్ని జర్మన్‌లో అని చూపించింది. ఖ కూడా పడింది అందులో. గుమ్మం దగ్గర నిలబడిన హర్షిణి పెదవి కొరుక్కుంటూ నవ్వు ఆపుకోబోయింది, ఆపుకోలేకపోయింది.

బీరువా తెరుచుకుంది. ఏడు కవర్లు బయటికొచ్చాయి. ఫ్లెక్సీ మాత్రం రేపు దింపిస్తానన్నాడు ప్రవీణ్. రేపు అలాగే మూడు రోజులు గడిచింది.

నాలుగో రోజు పొద్దున పదింటికి, నడి సెంటర్‌లో, ఆటోలూ బస్సులూ పోతుండగా మహాదేవి వెదురు నిచ్చెన వేసుకుని ఎక్కింది. కింద ఆరుగురూ నిచ్చెన పట్టుకున్నారు. ట్రాఫిక్ కానిస్టేబుల్ బాలస్వామి విజిల్ ఊదుకుంటూ వచ్చాడు.

"ఏం పాపా, ఎవరు దింపమన్నారు?"

"ఫోటోల్లో ఉండేవాళ్లు దింపమన్నారు సార్. మొహాలు సరిచూసుకోండి," అంది స్తుతి.

ఆయన ఫ్లెక్సీ వైపు, కింద నిలబడ్డవాళ్ల వైపు మార్చి మార్చి చూశాడు. ఆరు మొహాలూ సరిపోయాయి. "మరి నిచ్చెన మీద ఉండేదెవరు?"

"నా ఫోటో ల్యాదు సార్," అంది మహాదేవి పైనుంచి, తాడు కోస్తూ. "అందుకే నేనెక్కినా. నాకు పోయేదేం ల్యాదు."

బాలస్వామి ఏమనుకున్నాడో, విజిల్ జేబులో వేసుకుని ఆటోలను పక్కకు మళ్లించాడు.

ఫ్లెక్సీలకు వెనకపక్క తెల్లగా ఉంటుంది. ఈ సీమలో దాన్ని కల్లంలో వడ్ల మీద కప్పుతారు, ఇంటి మీద వాన కారకుండా కప్పుతారు. సోమక్క దాన్ని మిద్దె మీద షెడ్డు పొడవునా కట్టించింది, ప్రవీణ్ మొహం గోడ వైపు, తెల్లటిది మన వైపు. నల్ల రంగు డబ్బా తెప్పించి మూడు రోజులు గీసింది. మధ్యలో పక్క నుంచి చూసినట్టు మనిషి తల నిలువుకోత, అందులో నాలుక, పళ్లు, అంగిలి, గొంతు. ఒక్కో గుర్తు అది పుట్టే చోట. తోక సి నాలుక నడుమ మీద. ఇంటూ గుర్తు అంగిలి వెనక భాగంలో. అడ్డగీత సున్నా పక్కన గుండ్రటి పెదాలు. అన్నిటికంటే కిందుగా, గొంతు గుంట దగ్గర, చుక్క లేని ప్రశ్నార్థకాన్ని జానెడు పెద్దదిగా గీసింది.

ఇప్పుడు ఆ మిద్దెకు పొద్దున పదకొండు మంది వస్తారు. సాయంత్రం పూట, పాత బడి పిల్లలు ఇద్దరు చెవి మిషన్లు పెట్టుకుని అమ్మలతో వస్తారు. పొద్దుటివాళ్లకూ సాయంత్రం వాళ్లకూ పటం ఒకటే. స్తుతి, మాబున్ని వీసా కాగితాల్లో ఉన్నారు. హర్షిణి ఆదివారాలు వచ్చి అర్థాలు చెబుతుంది, ఈసారి తల ఎత్తుకునే.

మహాదేవి పరీక్ష సోమవారం. శనివారం పొద్దున ఆమె పటం ముందు నిలబడి, జత పిల్ల ఎంత గడగడలాడినా ఆగకుండా మాట్లాడటం సాధన చేస్తోంది. జత పిల్ల పాత్ర సోమక్కది. ఒక్క ముక్క అర్థం తెలియకపోయినా, పటం చూసుకుంటూ, నిఘంటువు గుర్తులు చదువుకుంటూ, ఎదుటివాళ్లకు సందివ్వకుండా జర్మన్ వాయించేస్తోంది. మహాదేవి ఒకచోట ఊపిరి బిగించి, ఆమె మాటకు అడ్డంపడి, తన మాట మొదలుపెట్టింది. ఆపలేదు. పువ్వులు అంది, కేకు అంది, ఇంకేమో అంది.

"చాల్లే మే, నన్ను కూడా మాట్లాడనీయి!" అంది సోమక్క తెలుగులో.

రెండో కంటికీ ఆపరేషనై, ఆ కట్టు కూడా విప్పించుకున్న పెద్ద ఈరన్న కర్ర ఎత్తాడు. కింద రామసుబ్బమ్మ ముందుగానే అరవడం మొదలుపెట్టింది.